అల్మారాలో డీవీఆర్

కర్నూలులో కొండారెడ్డి బురుజు దాటాక ఒక సందులో ఉంది ఓ రిపేరు షాపు. మే నెల, బయట 43 డిగ్రీలు. లోపల ఉన్న ఒక్క కూలర్ కూడా బల్ల మీది సీపీయూల వైపే తిరిగి ఉంది. "మనకు చెమటన్నా పడ్తాది సార్, వాటికి అదీ లేదు గదా" అన్నాడు మెకానిక్.

బల్ల మీద బేతంచర్ల నుంచి వచ్చిన డీవీఆర్ విప్పి ఉంది. నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో సీసీ కెమెరాలదట. దొంగల భయానికి యజమాని దాన్ని ఇనప అల్మారాలో పెట్టి తాళమేశాడు. పైన రేకుల కప్పు. చిన్న ఫ్యాన్ రెక్కలకు రాతిపొడి గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చుగా ఊడొచ్చింది.

అందులోని హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించి, డిస్క్ బాగోగులు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాడు. డిస్క్ తన వేడిని తానే కొలుచుకుంటుంది. డిస్క్ తన స్థితిని రాసుకునే స్మార్ట్ పట్టికలో 194వ నంబరు అదే. కూలర్ గాలికి 41 చూపిస్తోంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు ఇచ్చే హద్దు 60. కెమెరాల కోసం చేసినవాటికి ఇంకాస్త ఎక్కువ. ఆ 60 డిస్క్ ఒంటి వేడికి, గది వేడికి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. నిమిషానికి 5400, 7200 చుట్లు తిరిగే మోటారు వేడి వేరే ఉంటుంది. గాలి ఆడే చోట కూడా డిస్క్ చుట్టూ ఉన్న గాలికన్నా ఓ పది డిగ్రీల పైనే నడుస్తుంది. ఇక రేకుల షెడ్డులో, తాళమేసిన అల్మారాలో ఎంతకెక్కుతుందో లెక్క వేసుకోవచ్చు.

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి, వేడికీ డిస్కులు పోవడానికీ అనుకున్నంత సంబంధం లేదన్నారు. మరీ వేడెక్కినప్పుడు, అదీ మూడేళ్లు దాటిన డిస్కుల్లోనే తేడా కనబడింది. ఆ మాట చెబితే నవ్వాడు. "ఆళ్ల డిస్కులకు కర్నూలు ఎండ యాడ తెలుసు సార్!" నిజమే, 50 దాటిన డిస్కులు వాళ్ల లెక్కలో చాలా తక్కువ.

ఎండలో నిలిపిన కారులోంచి డిస్క్ తెచ్చి, వెంటనే ఏసీ గదిలో ఆన్ చేసేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లుమంట. నడుస్తున్న డిస్క్‌కు గంటలో 20 డిగ్రీలకు మించి తేడా రాకూడదని కంపెనీలే రాస్తాయి.

ఇంతలో బేతంచర్ల ఫోన్ వచ్చింది. "అల్మారాకు వెనకపక్క బొక్కలు కొట్టించు అన్నా, ఫ్యాన్ కొత్తది ఏస్తా."

"బొక్కలు పెడితే దుమ్ము రాదా?"

"వస్తాది. నెలకోసారి బ్లోయర్ కొట్టించు."