కొండమీద కండక్టర్

సీతాఫల్‌మండి స్టేషన్ పక్కన పెరిగినవాడికి మంచుతో ఏం పని చెప్పండి? చిన్నప్పుడు నాకు తెలిసిన మంచు రెండే రకాలు. ఒకటి, చెరకు రసం బండివాడు గోనెసంచిలో పెట్టి కొట్టే ఐసు. రెండోది, లోయర్ ట్యాంక్‌బండ్‌లోని స్నో వరల్డ్. స్కూల్ వాళ్లు తీసుకెళ్తే, వాళ్లిచ్చిన కోటు వేసుకుని కాసేపు వణికి బయటికొచ్చాం.

అలాంటి నాకు మొదటి ఉద్యోగం కొలరాడోలో, ఒక స్కీ రిసార్ట్ కంపెనీలో. స్కీయింగ్ మీద ప్రేమతో వెళ్లలేదు. ఎమ్మెస్ అయ్యాక వందల అప్లికేషన్లు పెడితే పిలిచింది వాళ్లొక్కరే. రెండు చలికాలాలు పనిచేశా. హెచ్-1బీ లాటరీలో పేరు రాలేదు. తిరిగొచ్చేశా.

పోయిన వారం నాన్నని చెకప్ కోసం తార్నాక ఆర్టీసీ హాస్పిటల్‌కి తీసుకెళ్లా. ఆయన రిటైర్డ్ కండక్టర్. తిరిగొచ్చేటప్పుడు ఆటో వద్దన్నాడు. ఓయూ క్యాంపస్‌లోంచి నడిచి, ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టు నీడన కూర్చున్నాం. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైట్ బిల్డింగ్ ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది.

"గంత మంచుల నువ్వేం పని చేసినవ్‌రా?" అన్నాడు నాన్న. ఈ ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి.

కూలర్ లెక్కే

ముందు మంచు గురించి చెప్పా. అక్కడ కూడా అంతా ఆకాశం నుంచి పడదు. సీజన్ మొదట్లో గన్స్‌తో నీళ్లు, గాలి కలిపి చిమ్ముతారు. చుక్క నేల మీద పడేలోపే గడ్డకట్టాలి. దానికి థర్మామీటర్ సున్నా చూపిస్తే చాలదు, గాలిలో తేమ ఎంతుందో కూడా చూడాలి. గాలి పొడిగా ఉంటే నీరు ఆవిరవుతూ ఇంకా చల్లబడుతుంది. మన ఎండాకాలం కూలర్ సూత్రమే. "అందుకే వానల పడ్డంక కూలర్ పనిచెయ్యది" అన్నాడు నాన్న. సరిగ్గా అదే.

నా పని లిఫ్టుల దగ్గర గేట్లకి సాఫ్ట్‌వేర్ రాయడం. కొండపైకి వెళ్లే కుర్చీ ఎక్కాలంటే జేబులో చిప్ ఉన్న పాస్ ఉండాలి. గేటు దాన్ని చదివి, చెల్లుతుందో లేదో చూసి తెరుచుకుంటుంది. చాలామంది పాస్ సీజన్‌కి ముందే కొనేస్తారు. మంచు పడ్డా పడకపోయినా కంపెనీకి డబ్బు ముందే వచ్చేస్తుంది.

ఒక క్రిస్మస్ వారంలో నేను రాసిన కోడ్ వల్లే ఒక గేటు మొండికేసింది. వెనక వందల మంది. కాల్‌లో అవతలివైపు పెరూ నుంచి వచ్చిన స్టూడెంట్. వాళ్లకి డిసెంబర్ నుంచి మార్చి దాకా కాలేజీ సెలవులు, అందుకే చాలామంది ఆ సీజన్‌కి పనికొస్తారు. గడ్డకట్టే చలిలో గ్లవ్ తీసేసి, ఒక్కొక్కరి పాస్ చేత్తో చూసి పంపాడు. నేను వెచ్చగా హీటర్ పక్కన కూర్చుని సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది. సారీ చెబితే, "లైన్ ఆగలేదు కదా" అన్నాడు.

నాన్న నవ్వాడు. "అంటే నువ్వు గూడ కండక్టర్‌వేనా!"

కాదు నాన్నా, కండక్టర్ వాడు. నేను టిమ్ మిషన్‌ని మాత్రమే.

రెండు సమ్మెలు

2024 డిసెంబర్ 27న యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీలో స్కీ పెట్రోల్ వాళ్లు సమ్మెకి దిగారు. కొండ మీద దెబ్బ తగిలినవాళ్లని కిందికి తెచ్చేది, మంచుచరియలు విరిగిపడే చోట్లని ముందే చూసేది వాళ్లే. సుమారు 200 మంది. గంటకి 21 డాలర్లతో మొదలయ్యే జీతం 23 చేయమన్నారు. పండగ వారంలో చాలా లిఫ్టులు తెరవలేకపోయారు, క్యూలు గంటలు దాటాయి. 2025 జనవరి 8న ఒప్పందం కుదిరింది.

అది మా కంపెనీ కాదు. కానీ మా ఆఫీసులో అందరి ఫోన్లలో అదే వార్త. "రెండు డాలర్ల కోసమా?" అన్నాడు పక్క సీటు అతను. నాకు మాత్రం 2019 గుర్తొచ్చింది. ఆర్టీసీ సమ్మె, 52 రోజులు. నేను ఇంజినీరింగ్ ఫైనలియర్. నాన్న పొద్దున్నే డిపో గేటు దగ్గరికి వెళ్లేవాడు. అమ్మ చిట్టీ ఎత్తి నా ఫీజు కట్టింది. అప్పుడు నేను నాన్నతో, "ఎందుకు ఇదంతా, డ్యూటీకి పోరాదూ" అన్నా. పక్క సీటు అతని మాటకీ, నా మాటకీ తేడా ఏముంది?

ఆ మాటే ఇప్పుడు చెప్పా. నాన్న కాసేపు ఏమీ అనలేదు. "నీకు అప్పుడు ఇరవై ఏండ్లు. ఏం తెలుసు" అని లేచాడు.

ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే పక్క స్టేషనే సీతాఫల్‌మండి. ఆయన మోకాళ్లు చూసి ట్రైన్‌కే పోదామన్నా. నాన్న నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచాడు. "ఒక్క స్టేషనే కదా, అటు బండి వచ్చేస్తోంది" అన్నా.

ఆగి నా వైపు చూశాడు. "కండక్టర్ కొడుకువి. టికెట్ లేకుంట ఎక్కుతవా?"

రెండు టికెట్లు తీసుకున్నాం. ఆ బండి పోయింది. తర్వాతి దాని కోసం బెంచీ మీద కూర్చుంటే, నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. "అయితే ఆ పెరూ పిలగానికి ఎంతిస్తుండెరా?"