అమ్మగారికి నచ్చని వజ్రం

మీ తాతగారి తాత పేరేమిటో చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. ఆ సంగతి నాకు ఇంటి దగ్గర కాదు, పులికాటులో డచ్చివారి సమాధుల మధ్య నిలబడి ఉండగా తెలిసివచ్చింది.

నెల్లూరులో తెల్లవారుజామున బయలుదేరి, సూళ్లూరుపేటలో రైలు మారి, పొన్నేరిలో దిగి బస్సెక్కాను. ఈ తీరమంతా ఒకటే తీరం. 2022 దాకా సూళ్లూరుపేట, తడ నెల్లూరు జిల్లాలోవే. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరాయి. మనవాళ్ళు ప్రళయకావేరి అని పిలుచుకున్న పులికాటు సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదేశంలోనే ఉంది. దక్షిణపు కొసన, సముద్రపు మొగదగ్గర ఉన్న పులికాటు ఊరు మాత్రం తమిళనాడుకు పోయింది. అయినా పడవల రేవులో రెండు భాషలూ వినిపిస్తాయి.

డచ్చివారిని మన పూర్వులు వలందావారన్నారు. బందరులో వలందపాలెమనే పేట ఇప్పటికీ ఉంది. వెంకటపతి దేవరాయల అనుమతితో వారు 1610లో పులికాటులో వర్తకానికి దిగారు. 1612లో పోర్చుగీసువారు వచ్చి కొట్టి పోయారు. 1613 నాటికి కోట లేచింది. దాని మొదటి అధికారి వాన్ బెర్కెమ్ తన స్వదేశపు సీమ గెల్డర్లాండ్ పేరుమీద దానికి గెల్డ్రియా అని పేరు పెట్టుకున్నాడు. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమాండల్ తీరంలోని డచ్చి వ్యవహారమంతా ఇక్కడినుంచే నడిచింది. 1806లో ఇంగ్లీషువారు కోటను కూల్చారు. ఇప్పుడు మిగిలింది కందకపు జాడ, ముళ్ళపొదలు.

సమాధులు మాత్రం నిలిచాయి. శ్మశానపు గుమ్మానికి అటొకటి, ఇటొకటి రాతి అస్థిపంజరాలు కాపలా. లోపల పలకలమీద లోతుగా చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు. శిరస్త్రాణం, డాలు, దానిమీద ఏదో గుర్తు. ఆ డాలు చూస్తే వారిలో తెలిసినవాడు ఇది ఫలానా ఇల్లని పోల్చుకుంటాడు.

అక్కడి కాపలాదారు తమిళం కలిసిన తెలుగులో, “వీళ్ళ దేశంవాళ్ళు అప్పుడప్పుడు వస్తారండీ. పేర్లు రాసుకుని పోతారు. మీకు మీ ముత్తాత పేరు తెలుసా?” అన్నాడు. తెలుసన్నాను. “ఆయన తండ్రి పేరు?” అన్నాడు. తద్దినంనాడు చెప్పుకునే మూడు తరాలూ దాటేసరికి నా నోరు పెగలలేదు.

అప్పుడు నాకు స్పీల్మన్ కథ జ్ఞాపకం వచ్చింది. కొర్నేలిస్ స్పీల్మన్ 1628లో రాటర్‌డామ్‌లో ఒక వర్తకుడికి పుట్టాడు. పదహారు పదిహేడేళ్ళ వయసులో కుంఫిణీ గుమాస్తాగా ఓడెక్కాడు. బటేవియాలో పెట్రోనెల్లా అనే అమ్మాయిని పెళ్ళాడాడు. పనిమంతుడు. 1663లో కోరమాండల్ గవర్నరై పులికాటులో కాపురం పెట్టాడు.

కుంఫిణీ ఉద్యోగి సొంత వ్యాపారం చేయరాదన్నది నియమం. ఈయన ఒక వజ్రం కొన్నాడు. ఆ కాలంలో వజ్రమంటే లోకానికి ముఖ్యంగా మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనులే. కొన్న వజ్రాన్ని తరవాత అమ్మాడు. సంగతి పైవారికి తెలిసింది. విచారణలో స్పీల్మన్ చెప్పిన సమాధానం ఏమిటంటే, వజ్రం కొన్నది భార్య కోసమేనట; ఆవిడకు నచ్చకపోతే తిరిగి అమ్మాడట! నగ కొని తెచ్చి, ఇల్లాలి ముఖం చూసి, మళ్ళీ కొట్టుకు పరుగెత్తిన మగవారు మనలో లేకపోలేదు గాని, బటేవియా న్యాయస్థానం నమ్మలేదు. పదిహేను నెలలు ఉద్యోగం నుంచి తొలగించి, 3000 గిల్డర్లు జరిమానా వేసింది.

అంతటితో ఆయన కథ ముగియలేదు. 1666లో మకాసర్ మీదికి దండు నడిపి, 1667లో అక్కడి సుల్తానుచేత సంధి రాయించుకున్నాడు. 1680లో ఎన్నికై, ఆ మరుసటి ఏడు తూర్పుదేశాల డచ్చి గవర్నర్ జనరల్ పీఠమెక్కి, 1684లో బటేవియాలో పోయాడు. పోయాక లెక్కలు విప్పితే ఎన్నో అవకతవకలు బయటపడ్డాయి.

అయితేనేం! మూడేళ్ళు తిరగకుండా, 1686లో, అదే వంశంలోని మరో కొర్నేలిస్ స్పీల్మన్‌కు ఇంగ్లండు రాజు రెండవ జేమ్స్ బారొనెట్ బిరుదిచ్చాడు. అది తండ్రినుంచి కొడుక్కు సంక్రమించే బిరుదు. అతని తల్లికి కూడా బారొనెట్ వితంతువుకుండే గౌరవం దక్కాలని ఆ పత్రంలో ప్రత్యేకంగా రాశారు. తరవాత హాలండు రాజ్యం కూడా ఆ ఇంటివారిని తన కులీనుల పట్టీలో చేర్చుకుంది. వర్తకుడి వంశం రాజపత్రంతో కులీనవంశమయింది. నాటినుంచి ఎవరు ఎవరి కొడుకో పుస్తకాల్లో వరసగా ఉంది.

ఆ హోదాకు పునాది తూర్పుదేశాల సంపాదన. పులికాటునుంచి ఓడలకెక్కిన బట్ట నేసినది ఈ చుట్టుపట్ల సాలెవాళ్ళు. అచ్యుతప్ప, చిన్నన్న అనే తెలుగు శెట్లు మధ్యవర్తులై సరుకు సమకూర్చారు. వారి పేర్లయినా డచ్చి కాగితాల్లో మిగిలాయి. మగ్గంమీద కూర్చున్నవారి పేర్లు లేవు. అంతకన్న ఘోరం మరొకటుంది. 17వ శతాబ్దంలో కరవులూ యుద్ధాలూ వచ్చినప్పుడల్లా, తిండిలేక అమ్ముడుపోయిన మనుషులను బానిసలుగా ఈ తీరంనుంచి బటేవియాకు తరలించారు. వారు వేలమంది. వారికి ఏ రాతిమీదా డాలు లేదు.

వంశమన్నాక ఎవరి కష్టంమీదో నిలుస్తుందనుకున్నాను. ఇక్కడికి దూరం కాని వెంకటగిరి వెలుగోటివారి కథే చూడండి. మూలపురుషుడు చెవిరెడ్డి పొలం దున్నిస్తుండగా నిధి బయటపడిందనీ, దానికి నరబలి కావలసివస్తే పాలేరు రేచడు తానే ముందుకు వచ్చాడనీ చెబుతారు. తన పేరు ఆ వంశంలో నిలవాలని మాత్రం కోరాడట. అందుకే వారి గోత్రం రేచర్ల అయిందంటారు. నరబలిని ఎవరూ మెచ్చుకోరు. కాని ఆ రాజులు గోత్రం చెప్పుకున్నప్పుడల్లా పాలేరు పేరు చెప్పుకోవలసిందే. స్పీల్మన్ వంశవృక్షంలో అలాంటి పేరు ఒక్కటి ఉన్నా, నేను ఆ డాళ్ళను మరోవిధంగా చూసేవాణ్ణి.

పొద్దువాలుతుంటే బయటికి వచ్చాను. ఇల్లు చేరాక మా పెద్దమ్మను పట్టుకుని, కాగితం ముందేసుకుని తరాలు లెక్కపెట్టించాను. ఆవిడ నాలుగో పేరు చెప్పింది. కాస్త ఆలోచించి ఐదోది కూడా చెప్పింది. నాకు సంతోషం వేసింది.

“ఆయన భార్య పేరు?” అన్నాను.

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. “ఏమోరా, అందరూ అవ్వ అనే అనేవాళ్ళట” అంది.

పెట్రోనెల్లాకు వజ్రం నచ్చలేదన్న మాట మూడువందల అరవై ఏళ్ళుగా భద్రంగా ఉంది. మా అవ్వకు ఏం నచ్చేదో, ఏం నచ్చేదికాదో చెప్పేవారు లేరు. కాగితంమీద ఆవిడ చోటు ఖాళీగా ఉంచాను.