చింతకుంట గుండు కింద

కడప జిల్లా ముద్దనూరు దగ్గరి చింతకుంటలో ఒక పెద్ద బండను ‘ఎద్దుల ఆవుల గుండు’ అంటారు. దాని నీడన చరిత్రకు ముందుకాలపు మనుషులు గీసిన మూపురం ఎద్దులు, జింకలు, మనుషుల బొమ్మలున్నాయి. ఎక్కువగా జేగురు రంగువి, అక్కడక్కడా తెల్లవి. ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ న్యూమయర్ వీటిని పండితులకు పరిచయం చేశాడు.

నన్ను అక్కడికి తీసుకెళ్లిన చిత్రకారుడు కర్నూలులో ఒక ఫోటో స్టూడియో డార్క్‌రూమ్‌లో నెగటివ్‌లు దిద్దే పని నేర్చినవాడు. ముఖం మీద మచ్చ ఉంటే నెగటివ్‌లో అక్కడ పల్చగా కనిపిస్తుంది. చెక్కిన పెన్సిల్ మొనతో ఆ చోటును చుక్కచుక్కగా నింపాలి. చెయ్యి కాస్త బరువైతే ప్రింటులో తెల్ల మరక పడుతుంది. ఆ తర్వాత బ్లాక్ అండ్ వైట్ పెళ్లిఫోటోలకు రంగులద్దడం. చీర అంచుకు ఎరుపు, నగలకు పసుపు. కెమెరా చేతికి రాకముందే ఆయనకు కుంచె వచ్చింది. డిజిటల్ వచ్చాక ఆ పనులన్నీ పోయాయి, కుంచె మాత్రం ఉండిపోయింది.

గుండు కింద ఆయన ఫ్లాష్ వాడడు. నేరుగా పడే ఎండ తప్పుకునేదాకా కూర్చుంటాడు. బొమ్మ పక్కన కొలబద్ద, రంగుల పట్టీ పెట్టి నిదానంగా ఫోటో తీస్తాడు. ఆ రోజు తీసిన ఫోటోను ల్యాప్‌టాప్‌లో డీస్ట్రెచ్ అనే ప్రోగ్రామ్‌లోకి ఎక్కించాడు. జాన్ హార్మన్ 2005లో తయారుచేసిన ఈ ప్రోగ్రామ్ కంటికి ఆనని రంగుల తేడాలను పెంచి చూపిస్తుంది. ఉత్త బండ అనుకున్న చోట కొమ్ములు తేలాయి. నాకు ఒళ్లు జలదరించింది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. బండను తాకకుండా ఎదురుగా కూర్చుని అదే కొలతలో కాగితం మీద గీయడం మొదలుపెట్టాడు. జేగురు రాయి నూరి, తుమ్మబంక కలిపి రంగు తనే చేసుకున్నాడు.

“ఫోటోలో ఎద్దు కనపడతాదప్పా. ఆ మనిషి చెయ్యి ఏడ మొదలైందో, ఏడ తిరిగిందో గీస్తేనే తెలిసేది” అన్నాడు.

నిజమే. మూపురం మీంచి తోకదాకా ఒకే గీత. వంపులో మందం, కొసన సన్నం. ఆయన కుంచె ఆ వంపు తిరిగాకే నాకది కనిపించింది.

బాగా కనబడాలని కొందరు బొమ్మలమీద నీళ్లు చల్లి సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటారు. తడికి రంగు కాసేపు మెరుస్తుంది. ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకి తేలి రంగును పెళ్లలుగా లేపేస్తుంది. ఇది తెలిసి కూడా చేస్తే క్షమించరాని పని. రాయలసీమ చిత్రకళ అంటే మనం లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల దగ్గరే మొదలుపెడతాం. అంతకు ఎంతో వెనకటి గీతలు ఇక్కడ ఎండకూ వానకూ పడి ఉన్నాయి. గట్టి కంచె, ఒక కాపలా మనిషి పెద్ద ఖర్చేమీ కాదు.

కర్నూలు వైపు ఓర్వకల్లు దగ్గరి కేతవరంలోనూ రాతిబొమ్మలున్నాయి. రెండుచోట్ల గీతలనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఆయన ఆశ. ఎండలు తగ్గాక కాగితాలు, కెమెరా పట్టుకుని అక్కడికి బయలుదేరతాం.