గట్టు లోపలి రంగు

సావనీరు కమిటీలో ఉన్న మిత్రుడు "నువ్వూ ఏదో ఒకటి రాయవోయ్" అని పట్టుబట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. కవిత్వం నా వల్ల కాదు. ప్రేమ మీద రాసేవాళ్ళకి మన కళాశాలలో ఎన్నడూ కరువు లేదు. నాకు తెలిసినవల్లా రెండే విషయాలు: ఒకటి వరిచేను, రెండోది మూడు నెలలపాటు నాతో కుస్తీ పట్టించిన కంప్యూటర్ ప్రాజెక్టు. ఆ రెండూ కలిసిన చోట ఒక సంగతి జరిగింది. అదే రాస్తున్నాను. తెలుగు మాస్టార్లు నా భాషాదోషాలు మన్నింతురు గాక.

బ్రష్ అనగానే పళ్ళు తోముకునేదో, గోడకి సున్నం కొట్టేదో గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయే బ్రష్‌కి వెంట్రుకలూ లేవు, కాడా లేదు. విండోస్ మీద నడిచే ప్రోగ్రాములు రాసేవాళ్ళు తెర మీద బొమ్మ గీయటానికి వాడుకునే వస్తువు అది. 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ ఉంది. అక్కడ గీసే పనికి ఇద్దరు పనివాళ్ళు. పెన్ను అంచు గీస్తుంది, బ్రష్ లోపల నింపుతుంది. మా ఊరి భాషలో చెప్పాలంటే పెన్ను గట్టు వేస్తుంది, బ్రష్ ఊడుస్తుంది.

ఈ బ్రష్‌ని మనమే పుట్టించుకోవాలి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని సున్నా నుంచి 255 లోపు మూడు అంకెలు చెప్పి "క్రియేట్ సాలిడ్ బ్రష్" అంటే ఒక బ్రష్ తయారవుతుంది. "సెలెక్ట్ ఆబ్జెక్ట్" అని దాన్ని చేతికందించాలి. అందించగానే అంతకుముందు చేతిలో ఉన్న పాత బ్రష్ మనకి తిరిగొస్తుంది. దాన్ని జాగ్రత్తగా దాచి, పని కాగానే మళ్ళీ దాన్నే చేతిలో పెట్టి, మనం పుట్టించిన దాన్ని "డిలీట్ ఆబ్జెక్ట్" అని తీసెయ్యాలి. ఈ మాట మా లెక్చరర్‌గారు నాలుగుసార్లు చెప్పారు. నేను నాలుగుసార్లూ తల ఊపాను. తరవాత పడిన అగచాట్లలో సగం ఆ తల ఊపుడు వల్లనే.

ప్రాజెక్టుకి తోటివాళ్ళు లైబ్రరీ పుస్తకాలూ హాస్టల్ మెస్సు లెక్కలూ తీసుకున్నారు. నేను మా పొలాల పటం గీస్తానన్నాను. మాది దివిసీమ. అవనిగడ్డ దాటి సముద్రం వైపు పోతే కృష్ణ కాలువ నీళ్ళు వచ్చీ రానట్టు వచ్చే శివారు ఊరు. సొంతం రెండెకరాల పది సెంట్లు. దాని పక్కనే మూడెకరాలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న కౌలుకి చేస్తున్నాడు. ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న ఎఫ్.ఎం.బి. నకళ్ళు తెచ్చుకుని హాస్టల్ గదిలో పరిచాను.

ఆ కాగితాలు చూస్తే నాకు సర్వేయర్ల మీద గౌరవం కలిగింది. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. చేనులో ఒక మూల నుంచి ఎదుటి మూలకి గొలుసు లాగి, ఆ గీత మీద ఎంత దూరం పోయాక పక్కకి ఎన్ని లింకులు కొలిస్తే మిగతా మూలలు తగులుతాయో రాసిపెట్టారు. మనం ఇంటర్‌లో ఎక్స్, వై అని గీసుకున్నది అదే కదా! అంకెలు తీసుకుని ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేశాను. చూద్దును గదా, ఊరు తలకిందులైంది. ఉత్తరాన ఉన్న కాలువ దక్షిణానికి పోయింది. కంప్యూటర్ తెరకి సున్నా పై మూలన ఉంటుంది, కిందికి దిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ఒక తీసివేతతో ఊరు నిలబడింది.

రంగు నింపటానికి మొదట "ఫ్లడ్ ఫిల్" వాడాను. పేరులోనే వరద ఉంది. చేను మధ్యన ఒక చుక్క పెడితే అక్కడి నుంచి రంగు నాలుగు వైపులా పాకి, గట్టు తగిలిన చోట ఆగుతుంది. నేను గీసిన గట్టులో ఒక మూల ఒకే ఒక్క చుక్క ఖాళీ మిగిలిపోయింది. గండి పడినట్టే! రంగు ఆ సందులోంచి బయటపడి పక్క చేలు, దారి, కాలువ అన్నీ ముంచి తెరంతా పచ్చ చేసేసింది. అప్పుడు "పాలిగన్" అనే దానికి మారాను. మూలలు వరసగా చెబితే ఆఖరి మూలని మొదటిదానితో తానే కలిపి, ఆ లోపలే బ్రష్ వేస్తుంది. దానికి గండి పడే ప్రసక్తి లేదు.

కానీ "లోపల" అంటే ఏది? ఇది తేలిక ప్రశ్న అనుకున్నాను. మా చేను నడుమ చిన్న నీళ్ళ గుంట ఉంది. అది చేనుకి లోపలే, అయినా పచ్చరంగు వెయ్యకూడదు. "పాలీపాలిగన్" అని చేను మూలల్నీ గుంట మూలల్నీ కలిపి ఇచ్చాను. కంప్యూటర్ లెక్క ఏమిటంటే, మీరు ఒక చోట నిలబడి ఎటో ఒక వైపు సూటిగా నడిచి బయటికి పోండి. దారిలో ఎన్ని గట్లు దాటారు? బేసి అయితే మీరు బయల్దేరిన చోటు లోపల, సరి అయితే బయట. గుంటలో నిలబడ్డవాడు గుంట గట్టు ఒకటి, చేను గట్టు ఒకటి, మొత్తం రెండు దాటుతాడు. కనక గుంటకి రంగు పడదు. దీన్ని ఆల్టర్నేట్ పద్ధతి అంటారు. వైండింగ్ అని ఇంకొకటుంది. అందులో గట్టు ఏ దిక్కుగా వేశామన్నది కూడా లెక్కకొస్తుంది. అయిదు కోణాల నక్షత్రాన్ని చెయ్యెత్తకుండా గీస్తే ఆల్టర్నేట్‌లో నడిమి భాగం ఖాళీగా ఉంటుంది, వైండింగ్‌లో నిండుతుంది. బొమ్మ ఒకటే, గీతలు ఒకటే. లోపల అంటే ఏమిటో మనం చెప్పినదాన్ని బట్టి మారుతుంది.

దసరా సెలవులకి రూమ్మేటు ల్యాప్‌టాప్ అడిగి పట్టుకుని ఇంటికి పోయాను. రాత్రి భోజనాలయ్యాక నాన్న, బాబాయి, నాయనమ్మ, బాబాయి కొడుకు చిన్నాడు అందరూ మంచం చుట్టూ చేరారు. నేను కొంచెం గర్వంగానే తెరిచాను.

"ఏదిరా కాలవ?" అన్నాడు నాన్న.

"ఇదిగో నాన్నా, ఈ నీలం గీత."

"మరి మనయ్యో?"

"ఈ పచ్చవన్నీ మనవే."

నాన్న వేలు ఆ మూడెకరాల ముక్క మీద ఆగింది. "ఇది మనది కాదు కదరా. దున్నేది మనం, అంతే."

బాబాయి పకపకా నవ్వాడు. "వీడెవడో రిజిస్ట్రారాఫీసుకి పోకుండానే రాయించేశాడన్నాయ్ పొలం!" అందరం నవ్వాం. నాన్న మాత్రం నవ్వలేదు. "నవ్వులాట కాదు. ఎవరన్నా చూస్తే బాగోదు. దానికి వేరే ఏదన్నా వెయ్యి" అన్నాడు. కౌలు కాగితం మీద సంతకం పెట్టమంటేనే ఉలిక్కిపడే ఆసామి అది. ఇరవై ఏళ్ళుగా అంతా నోటిమాట మీదే నడుస్తోంది. ఈ సంగతి నాకు తెలియదని కాదు. ప్రోగ్రాము రాసేటప్పుడు మూడు నెలల్లో ఒక్కసారీ తట్టలేదు. నాకు ఆ అయిదెకరాలూ చిన్నప్పటి నుంచి ఒకటే చేను మరి.

అక్కడికక్కడే మార్చాను. గీతల బ్రష్ అని ఒకటుంది, హ్యాచ్ బ్రష్. అడ్డగీతలు, నిలువుగీతలు, రెండు రకాల ఏటవాలు గీతలు, గళ్ళు, ఏటవాలు గళ్ళు, మొత్తం ఆరు రకాలు. కౌలు ముక్కకి ఏటవాలు గీతలు వేశాను. దాని పక్కనే ఉన్న బాబాయి కౌలు ముక్కకీ అదే వేశాను. బాబాయి చూసి, "ఇదేందిరా, నా చేలో గీతలు గట్టు దాటి మీ చేలోకి సూటిగా వచ్చేస్తన్నయ్యే!" అన్నాడు. నేనప్పటిదాకా గమనించనే లేదు. నిజమే. బ్రష్‌కి చేను తెలియదు. దాని గీతలు కిటికీ పై మూల నుంచి మొదలై తెరంతటికీ ఒకటే లెక్కన పరుచుకుని ఉంటాయి. గీతల బట్ట ఒకటి వెనక పరిచి, చేను ఆకారంలో కంతలు కోసిన కాగితం దాని మీద పెట్టినట్టన్నమాట. బాబాయికి అలాగే చెప్పాను. "అంతేలే, నేల ఒకటే గదా" అని ఊరుకున్నాడు.

ఈలోగా చిన్నాడికి కిటికీ అంచు పట్టుకుని పెద్దదీ చిన్నదీ చెయ్యటం ఆటైపోయింది. లాగుతుండగా లాగుతుండగా ఒక్కసారిగా పచ్చదనం పోయింది. గీతలూ పోయాయి. చేలన్నీ తెల్లగా, ఉత్త గట్లతో మిగిలాయి. తప్పు జరిగిందని ఒక్క ముక్క కూడా చెప్పలేదు ఆ మెషీను.

"అయ్యో, ఉప్పు తేలిందిరా!" అంది నాయనమ్మ.

1977 నవంబరు 19 ఉప్పెన ఆవిడ చూసింది. సముద్రం చేల మీదికి వచ్చి వెనక్కి పోయాక, నీళ్ళు ఆరిన నేల ఇలాగే ఉండేదని చెప్పింది. ఆ రోజు సంగతులు ఆవిడ ఎప్పుడోగాని మాట్లాడదు. ఎవరం ఏమీ అనలేదు. నేను ఖంగారుగా ప్రోగ్రాము మూసి మళ్ళీ తెరిచాను. చేలు పచ్చగా వచ్చేశాయి. "అంత తేలిగ్గానా!" అంది నాయనమ్మ. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

పడుకోబోయేముందు నాన్న వాకిట్లో చెప్పాడు. ఈ పంట ఇంటికొచ్చాక మూడెకరాలూ వదిలెయ్యాలట. ఆసామి రొయ్యల చెరువులకి ఇచ్చేశాడు, సంక్రాంతి దాటాక తవ్వకం. మక్తా కట్టగా మిగిలేదే నా మెస్సు బిల్లు. "నీ చదువేం ఆగదులే. ఆ చెరువుకి కాపలా మనిషి కావాలంటన్నారు" అన్నాడు నాన్న. తన బెంగ వేరే ఉంది. మా రెండెకరాలు దాని పక్కనే. పాలిగన్‌లో రంగు గట్టు దాటదు. ఉప్పునీరు ఫ్లడ్ ఫిల్ లాంటిది, ఊటగా దిగుతుంది. నాన్నకి ఈ పేర్లు తెలియవు గాని, గట్టు పొడుగునా ఒక మురుగు బోదె తవ్వితే ఎంతవరకు ఆపుతుందని అప్పటికే లెక్కలు వేస్తున్నాడు.

హాస్టల్‌కి వచ్చి తప్పు వెతికాను. తెరని మళ్ళీ గీయాల్సి వచ్చినప్పుడల్లా నా ప్రోగ్రాము పద్నాలుగు చేలకి పద్నాలుగు కొత్త బ్రష్షులు పుట్టిస్తోంది, ఒక్కటీ తీసెయ్యటం లేదు. విండోస్ మామూలుగా ఒక ప్రోగ్రాముకి ఇలాంటి వస్తువులు 10,000 దాకా ఇస్తుంది. కిటికీ అంచు లాగితే క్షణానికెన్నోసార్లు గీయాలి. అలా 700 సార్లు దాటాయో లేదో కోటా అయిపోయింది. ఆపైన బ్రష్ అడిగితే సున్నా చేతిలో పెడుతుంది. చేతిలో మొదటి నుంచీ ఉండే తెల్ల బ్రష్‌తోనే పాలిగన్ తన పని తాను చేసుకుపోతుంది. మూసి తెరిస్తే పాతవన్నీ విండోస్ లాగేసుకుంటుంది గనక అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో జీడీఐ ఆబ్జెక్ట్స్ అనే వరస పెట్టుకుని చూస్తే అంకె నా కళ్ళ ముందే ఎక్కుతోంది. నాలుగే బ్రష్షులు మొదట్లో ఒక్కసారి పుట్టించి, ఆఖర్న తీసేసేట్టు మార్చాను. అంకె కదలటం మానేసింది. లెక్చరర్‌గారు చూసి, "చెప్పాను కదయ్యా" అన్నారు. ఎన్నిసార్లో అనలేదు, అది ఆయన మంచితనం.

సంక్రాంతి వెళ్ళిన వారానికే పొక్లెయిన్లు దిగాయి. బాబాయి ఫోనులో ఫొటోలు పంపాడు. ప్రాజెక్టు వైవా ఇంకా ఉంది. ఆ ముక్కకి ఏం బ్రష్ వెయ్యాలో రెండు రోజులు తేలలేదు. ఏటవాలు గీతలు ఇక అబద్ధం. నీలం వేస్తే సరిపోయేది, చెయ్యి రాలేదు. చివరికి హాలో బ్రష్ పెట్టాను. విండోస్ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే బ్రష్షుల్లో అదొకటి. అడిగి తెచ్చుకుని వాడుకోవటమే. దానితో గట్టు గీత పడుతుంది, లోపల ఏమీ పడదు.

పరీక్షకుడిగారు పటం చూసి సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. "ఈ ముక్క నిండలేదేం? బ్రష్ పని చెయ్యలేదా?"

"లేదు సార్, కావాలనే. హాలో బ్రష్ సార్ అది."

"ఆఖర్న అన్నిటినీ డిలీట్ చేశావు, దీన్ని వదిలేశావే?"

"దాన్ని చెయ్యక్కర్లేదు సార్. అది సిస్టం వాళ్ళది, మనం పుట్టించింది కాదు."

ఆయన తల ఊపి, తరవాతి నంబరు వాణ్ణి పిలవమన్నారు.