బొబ్బిలిలో బ్రేకుల మజిలీ

బొబ్బిలి పేరు వినగానే తెలుగువారికి రెండు సంగతులు జ్ఞాపకం వస్తాయి: ఒకటి యుద్ధం, రెండవది వీణ. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులకు ఎదురు నిలిచిన కోట కథ బుర్రకథల్లో విన్నాము, 1964లో వచ్చిన చిత్రంలో చూచాము. నాకు మాత్రం ఇప్పుడు మూడవ సంగతి కూడా జ్ఞాపకం వస్తుంది. అది ఊరి చివర రేకుల షెడ్డులో పనిచేసే ఒక మేస్త్రీ.

మాది భీమునిపట్నం. మా కారు 1972 నాటి అంబాసిడరు, మా నాన్నగారు కొన్నది. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినా, మా యింట్లో దానికి యింకా పెద్దకొడుకు మర్యాదే. కొరాపుట్‌లో మా ఆవిడ మేనకోడలి పెళ్ళి. పట్టుచీర, మధుపర్కాలు మా డిక్కీలోనే వున్నాయి. రామభద్రపురం నుంచి సాలూరు వైపు తిరిగేముందు, బొబ్బిలిలో చుట్టాలింట ఒక రాత్రి ఆగాము. సాయంత్రం యుద్ధస్తంభం చూచాము. 1891లో నిలిపిన ఆ స్తంభం దగ్గర పిల్లలు ఆడుకుంటూంటే, ఆనాటి నెత్తురు సంగతి నమ్మబుద్ధి కాలేదు.

తెల్లవారి మా ఆవిడ వాకిట్లో ముగ్గు చూస్తూ, “ఏమండీ, వెనక చక్రం కింద ఈ తడి ఏమిటి?” అంది. వేలితో చూచాను. ఇంజను ఆయిలులా చిక్కగా లేదు, పలచగా జారుతున్నది. పెడలు తొక్కితే మునుపటికంటె లోతుకు దిగింది. బండిని నెమ్మదిగా, చేతిబ్రేకు మీద షెడ్డుదాకా తీసుకుపోయాను.

మేస్త్రీ నడివయసువాడు. సాలూరులో లారీల దగ్గర పని నేర్చినవాడు. కారు కిందికి దూరి, కిరసనాయిలు గుడ్డతో వెనక ఇరుసుమీది పైపును తుడిచాడు. తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. నన్ను పెడలు తొక్కమన్నాడు. సన్నని ధార పిచికారీలా చిమ్మింది.

“సముద్రపు గాలి తినేసినాది బాబూ. ఎక్కడికి ఎల్తారు?”

కొరాపుట్ అన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ నా వంక చూచాడు. “ఎక్కినప్పుడు ఇంజను మోస్తాది. దిగినప్పుడు మొయ్యాల్సింది బ్రేకులే గదా.”

మా కారువంటి పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిలు దారి. పెడలు తొక్కగానే ఆ ఒత్తిడి అన్ని చక్రాలకూ సమానంగా అందుతుంది. అదే దాని బలం, అదే దాని బలహీనత. ఎక్కడ ఒక్క చిల్లు పడినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి.

చెడినంత మేరకు కోసి, ముక్క వేసి, జాయింటు కడితే గంటలో తేలిపోదా అన్నాను. ముహూర్తం ఆ రాత్రికే.

“జాయింటు ఏస్తే ఇయ్యాల నడుస్తాది. మిగతా గొట్టం కూడా ఇలాగే వుంది. రేపు ఇంకో కాడ పోద్ది. నాను ఎయ్యను బాబూ.” పోనీ రాగిపైపు పెడతావా అంటే దానికీ తల అడ్డంగా వూపాడు. ఉత్తరాగి అదురుకు గట్టిపడి బీటలు వేస్తుందట. బ్రేకులకని చేసిన ఉక్కు పైపే కావాలి. అది విజయనగరం నుంచి బస్సులో రావాలి.

చేసేదేమున్నది? మా ఆవిడ మేనత్త; ఆమె లేకుండా పెళ్ళి జరగడానికి వీల్లేదు. చీరల పెట్టెతో ఆమెను కొరాపుట్ బస్సు ఎక్కించాను. ఒక్క మాటయినా అనకుండా ఎక్కింది. ఆ మౌనమే కష్టంగా వుంది.

పైపు వచ్చేలోగా గొల్లపల్లి వెళ్ళాను. అక్కడ సర్వసిద్ధి వంశంవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనసదుంగ నొకదాన్ని తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా ఒకే కర్రలో తీస్తారు. దాన్ని ఏకాండి వీణ అంటారు. మైనం మీద ఇరవైనాలుగు మెట్లు కూర్చే పని చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియలేదు.

సాయంత్రం పైపు వచ్చింది. మేస్త్రీ పాతదాన్ని కొలతగా పెట్టుకుని, కొత్తదాన్ని నలగకుండా వంచాడు. ముందు మరనట్టు తొడిగి, తరువాతే మొన విప్పాడు; అది మరిస్తే మళ్ళీ మొదటికే. మాస్టర్ సిలిండరుకు దూరంగా వున్న చక్రంతో మొదలుపెట్టి, ఒక్కొక్క చక్రం దగ్గరా గాలి తీశాడు. నా పని, “తొక్కండి”, “పట్టండి” అన్నట్టల్లా పాటించడం. సీసాలోకి దిగిన పాత ఆయిలు కాఫీ డికాషనులా వుంది.

బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీలుస్తుంది. ఆ చెమ్మ పైపును లోపలినుంచి తింటుంది. ఉప్పుగాలి బయటినుంచి తింటుంది. అంతేకాదు, సామాన్యంగా వాడే డాట్ 3 రకం కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగదు. చెమ్మ పట్టినదానికి 140 డిగ్రీలే హామీ. ఘాటీ దిగేటప్పుడు డ్రమ్ములు కాలి ఆయిలు మరిగిందా, పెడలు నేలకు అంటుకుంటుంది. అందుకే రెండేళ్ళకొకసారి ఆయిలు మార్పించాలి. ఏడాదికొకసారయినా పైపులు తుడిచి చూపించాలి. సముద్రతీరపు వూళ్ళవారు మరీను.

పెళ్ళి నేను చూడలేదు. మరునాడు మధ్యాహ్నం భోజనాలవేళకు చేరాను. మా బావమరిది ముఖం చిన్నబుచ్చుకుని, మూడో వడ్డన దాకా మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో, మలుపు మలుపుకూ లోయ కనిపించే ఆ ఘాటీలో, చిన్న గేరులో దిగాము. ముందు ఒక లారీ హఠాత్తుగా ఆగింది. తొక్కాను; కారు ఆగింది. మా ఆవిడ ఒళ్ళో పసుపుకుంకాల పొట్లం కదలలేదు.

“ఆ మేస్త్రీ ఎంత పుచ్చుకున్నాడు?” అని అడిగింది.

చెప్పాను.

“తక్కువే పుచ్చుకున్నాడు” అంది.