చింతగింజలతో లెక్క

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చెబుతాను. అందులో నాకు ప్రాణమైన పాఠం పాపులేషన్ ప్రోటోకాల్స్. 2004లో యేల్ యూనివర్సిటీ నుంచి డానా ఆంగ్లుయిన్, ఆమె సహచరులు రాసిన పేపర్‌తో మొదలైంది; 2020లో దానికి డైక్‌స్ట్రా బహుమతి వచ్చింది. అందులోని ఉదాహరణ ఇది: గుంపులోని పక్షులకు తలా ఓ చిన్న సెన్సర్ కట్టాం. వాటికి నంబర్లు లేవు, జ్ఞాపకం అంతంతమాత్రం. రెండు పక్షులు దగ్గరికొస్తేనే సెన్సర్లు మాట్లాడుకుంటాయి. కనీసం ఐదింటికి జ్వరం ఉందో లేదో అవే తేల్చుకోగలవా? కాగజ్‌నగర్ వైపు పిల్లలుంటే బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట రాబందులను తలుచుకోమంటాను.

తర్వాత క్లాసంతా గ్రౌండ్‌లోకి. కొందరికి తలా ఒక చింతగింజ ఇస్తాను. మాటల్లేవు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు తన గింజలన్నీ రెండోవారికి ఇచ్చేయాలి. ఇద్దరివీ కలిపి ఐదుకు చేరితే ఇద్దరూ అరచేతిలో పెన్నుతో టిక్కు పెట్టుకోవాలి. టిక్కున్నవాళ్లు ఎదురైతే అవతలివాళ్లూ పెట్టుకోవాలి. కాసేపటికి అందరి చేతుల్లోనూ టిక్కే.

నలుగురికే గింజలిచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. నాలుగూ ఒకే పిడికిట్లోకి చేరతాయి, తిరగడం మాత్రం ఆగదు. “సార్, ఎప్పుడు ఆపాలె?” అని అడుగుతారు. ఎవరి చేతిలోనూ టిక్కు లేదు, అంటే జవాబు సరిగ్గానే ఉంది. కానీ అది ఖాయమైందని వాళ్లలో ఏ ఒక్కరికీ తెలిసే దారి లేదు. ఐదో గింజ ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు కదా. టిక్కు పడితే మాత్రం ఇక మారదు. ఈ తేడా మనసుకెక్కేదాకా, బెల్లు కొట్టినా సరే, నేను ముందుకు కదలను.

అందరూ అందరినీ కలుస్తూ ఉండాలన్న షరతూ ఉంది. ఓసారి వెనక బెంచీవాళ్లు తమలో తామే తిరిగారు. ఆరు గింజల్లో మూడు అక్కడే, మూడు ఇక్కడే ఉండిపోయాయి. టిక్కు పడనే లేదు.

ఇలాంటి గుంపు ఏమేం లెక్కించగలదో 2006లో కచ్చితంగా తేలింది. ఇంత సంఖ్య దాటిందా, ఏ పక్షం ఎక్కువ, సరా బేసా, ఇలాంటివీ వీటి కలయికలూ. అంతే. అబ్బాయిల సంఖ్య అమ్మాయిల సంఖ్యకు వర్గమా అని అడిగితే, ఏ నియమం పెట్టినా తేల్చలేదు. “లీడర్‌ను పెడితే సార్?” పని వేగమవుతుంది, హద్దు జరగదు. అదే ఒక్కొక్కరికి పేరిచ్చి, కలిసినవాళ్లలో కొందరి పేర్లు గుర్తుంచుకోనిస్తే హద్దు చాలా దూరం జరుగుతుందని 2009లో గెరావి, రుపర్ట్ చూపారు. ఆ రుజువు గింజలతో కుదరదు. ఎంటెక్ వాళ్లకు బోర్డు మీదే చెబుతాను.