విద్యార్థి చేతి కొలతలు

మధుమేహరోగిని గావున నేను ప్రతిదినము ఇన్సులిన్ సూది వేసికొందును. ఈ మందు పుట్టుకలో ఒక విద్యార్థి శ్రమ కూడ కలదని మీలో పలువురు ఎరుగకపోవచ్చును.

1921 వేసవిలో కెనడా దేశమందలి టొరాంటో విశ్వవిద్యాలయమున బాంటింగ్ అను యువవైద్యుడు, రక్తములోని చక్కెరను తగ్గించు పదార్థమును క్లోమగ్రంథి నుండి తీయబూనెను. ఆచార్య మెక్లియాడ్ అతనికి ప్రయోగశాలలో చోటును, కుక్కలను, సహాయమునకు ఇద్దరు విద్యార్థులను చూపెను. ముందెవరు పనిచేయవలెనో తేల్చుకొనుటకు విద్యార్థు లిద్దరును నాణెము ఎగురవేసికొనిరట! వంతు ఛార్లెస్ బెస్ట్‌కు వచ్చెను. అతనికప్పుడు 22 ఏండ్లు. పట్టపరీక్ష అప్పుడే ముగిసినది. రెండవవాడు పిమ్మట తన వంతును కూడ అతనికే విడిచెను.

క్లోమము తీసివేసిన కుక్కల రక్తములో చక్కెర యెంత యున్నదో కొలుచుట బెస్ట్ పని. వినుటకు చిన్నపనియే. కాని పాత్ర శుభ్రముగ లేకున్న అంకె తప్పును. అంకె తప్పిన, మందు పనిచేసినదో లేదో తెలియదు. తొలిదినములలో నొకమారు అతని కొలతలలో అశ్రద్ధ కనిపెట్టి బాంటింగ్ కఠినముగ మందలించెను. బెస్ట్ ఆ రాత్రియెల్ల మేలుకొని గాజుపాత్రలు కడిగి, ద్రావణములను మరల సిద్ధపరచెను. ఈ వృత్తాంతమున నాకు నాణెముకంటె ఆ రాత్రియే ఎక్కువ ప్రియము.

జూలై నెలాఖరున వారు తీసిన రసమును ఎక్కింపగా కుక్క రక్తములో చక్కెర తగ్గెను. కాలిప్ అను రసాయనవేత్త తరువాత దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు ఆ మందు నిచ్చిరి. అంతవరకు అట్టి పిల్లలను కడుపు మాడ్చి కొంతకాలము నిలుపుటయే చికిత్స. థామ్సన్ మరి పదుమూడేండ్లు జీవించెను.

1923లో నోబెల్ బహుమానము బాంటింగ్, మెక్లియాడులకు వచ్చినది. బెస్ట్ పేరు అందు లేదు. బాంటింగ్ తన వంతు ధనములో సగము అతనికి పంచి యిచ్చెను.